ఆ రాత్రి మైకు ఆపింది నేనే

సంపాదకుల వారికి,

నమస్కారమండి. రాజోలులో మైకు సెట్టు అద్దెలకిచ్చుకుని బతుకుతున్నాను. మా నాన్నగారు పెట్టిన షాపు, ఆయన తర్వాత ముప్ఫై ఏళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఈమధ్య మా వైపు ఒక ఊరి తీర్థంలో, అంటే జాతరలో, గాయని రాజకీయాలు పాడిందని గొడవ జరిగిన సంగతి పేపర్లలో నాలుగు లైన్లు వచ్చింది. ఆ నాలుగు లైన్లలో నేను లేను. ఆ రాత్రి ఆ అమ్మాయి మైకు ఆపింది నేనే కాబట్టి, మిగతాది నేనే రాయాలి.

అమ్మాయిది సముద్రం పక్క ఊరు. పెళ్లిళ్లకి, తీర్థాలకి జానపదాలు పాడుతుంది. వెనక ఒక డోలక్, ఒక కీబోర్డు, అంతే జట్టు. ఆ రాత్రి అమ్మవారి పాటలు రెండు, జానపదాలు మూడు అయ్యాక "ఇది నేను కట్టుకున్న పాట" అని మొదలుపెట్టింది. వాళ్ల వీధి నుయ్యి గురించి. పక్క చేలన్నీ రొయ్యల చెరువులయ్యాక నుయ్యి ఎలా ఉప్పెక్కిందో, బిందె పట్టుకుని వాళ్లమ్మ ఎంత దూరం నడుస్తోందో చెప్పింది. మూడో చరణంలో ఓట్లకొచ్చిన పెద్దలిద్దరూ వాళ్ల అరుగు మీద కూర్చుని, ఇచ్చిన గ్లాసు ముట్టకుండా కార్లోంచి బాటిలు తెప్పించుకున్నారని వచ్చింది. పేరు లేదు, పార్టీ లేదు. ముందు కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

అప్పుడే కమిటీ మనిషి ఒకాయన నా టేబులు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఆపెయ్యవయ్యా, చెరువులోళ్ల చందాల మీదే కదా ఇదంతా నడుస్తోంది" అన్నాడు. నేను మిక్సర్ మీద ఆ అమ్మాయి మైకు వాల్యూం కిందకి లాగేశాను. ఒక్క వేలితో అయిపోయే పని.

చేతిలో మైకుకి లైటు వెలుగుతూనే ఉంది. అమ్మాయి దాన్ని రెండుసార్లు తట్టి చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను తల దించుకుని వైర్లు సర్దుతున్నట్టు కూర్చున్నాను. మైకుని స్టేజీ పట్టా మీద పెట్టేసి, అంచు దాకా వచ్చి, మిగిలిన రెండు చరణాలూ ఉత్త గొంతుతో పాడింది. డోలక్ అబ్బాయి ఆపకుండా వాయించాడు. ముందు నాలుగు వరసలకి వినపడి ఉంటుంది.

తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో కులం ఎత్తి తిట్లు, ఏ పార్టీ ఎంతిచ్చిందో లెక్కలు. వారం తిరక్కుండా మూడు ప్రోగ్రాములు రద్దు చేసి అడ్వాన్సులు వెనక్కి అడిగారు. ఫోన్‌పేలో తిరిగి పంపేసింది.

"దేవుడి దగ్గర రాజకీయాలెందుకు" అనేది అందరూ అన్న మాట. అదే స్టేజీ మీద ఆ అమ్మాయి ఎక్కడానికి ముందు నాయకులకి శాలువాలు కప్పడం, వాళ్లు మాట్లాడ్డం ముప్పావు గంట పట్టింది. ఆ మైకూ నాదే, ఎవరూ నా భుజం మీద చెయ్యెయ్యలేదు.

2024 ఎన్నికల్లో నా షాపులో సామాను ఒక్క రోజు ఖాళీగా లేదు. పొద్దున ఒక పార్టీ ప్రచార ఆటోకి కట్టిన హారన్లే సాయంత్రం ఇంకో పార్టీ ఆటోకి కట్టేవాణ్ణి. పెన్‌డ్రైవ్ మారేది, అంతే. అందులో ఒక పెన్‌డ్రైవ్‌లో ఈ అమ్మాయి గొంతే ఉంది. అంతకుముందు పంచాయతీ ఎన్నికల్లో అవతలి వాళ్లకీ పాడింది. అప్పుడు "గొంతు బావుంది, ఇంకో రెండు పాటలు కట్టించండి" అన్నవాళ్లే ఇప్పుడు కళాకారులకి రాజకీయాలెందుకంటున్నారు. డబ్బులిచ్చి వాళ్ల మాట పాడించుకుంటే లేని అభ్యంతరం, అమ్మాయి తన మాట పాడుకునేసరికి వచ్చింది.

మా నాన్నగారు బుర్రకథలకి మైకు కట్టేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవారు: మధ్యలో తంబురా పట్టినవాడు కథకుడు, ఒక పక్క వంత హాస్యం, ఇంకో పక్క వంత రాజకీయం. ఊళ్లో కరెంటు లేకపోయినా, కరణం లంచం తిన్నా ఆ రాజకీయం వంత కథ మధ్యలో అడిగెయ్యాల్సిందే. అడక్కపోతే కథ చప్పగా ఉందని జనం లేచిపోయేవారట. మన కళలో రాజకీయానికి ఒక మనిషినే నిలబెట్టి ఇచ్చారు పెద్దలు. "మా కొద్దీ తెల్లదొరతనము" పాటకి గరిమెళ్ల సత్యనారాయణ గారు జైలుకెళ్లారు. ఇప్పుడు ప్రతి ఆగస్టు 15నా ఆ పాట నా బాక్సుల్లోంచే వస్తుంది, కలెక్టర్ల నుంచి సర్పంచుల దాకా లేచి నిలబడతారు. మా రాజోలు తాలూకా శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు, ఎన్టీఆర్ ప్రభుత్వం సంగీత, సాహిత్య అకాడమీలు ఎత్తేసినప్పుడు ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం ఆంధ్రలో పాడనని కూర్చున్నారు. అంతకన్నా రాజకీయం ఏముంటుందండి?

చెరువులవాళ్ల బాధ నాకు తెలియనిది కాదు. మేత రేటు పెరిగి, రొయ్య రేటు పడిపోయి, అప్పుల్లో ఉన్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. సముద్రం పక్కన ఉప్పంతా మా వల్లే వచ్చిందా అని వాళ్లడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. స్టేజీ ఎక్కి అడగమనండి, వాళ్లకీ మైకు పెడతాను. పాట నచ్చకపోతే లేచి ఇంటికెళ్లిపోవచ్చు, వచ్చే ఏడాది చందా తగ్గించుకోవచ్చు. 2024లో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ గారికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ప్రకటిస్తే, ఆయన భావాలు గిట్టని గాయనులు రంజని–గాయత్రి గార్లు ఆ ఏడు అక్కడ తాము పాడబోమని తప్పుకున్నారు. వాళ్ల మాటతో ఏకీభవించకపోయినా అది వాళ్ల హక్కనే అంటాను. తమ కచేరీ తాము వదులుకున్నారు. 2018లో ఢిల్లీలో అదే కృష్ణ గారి కచేరీ, సోషల్ మీడియాలో దుమారం లేచాక నిర్వాహకులు వాయిదా వేసేశారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మా ఊళ్ల వైపు జరిగింది రెండో రకం.

2025 మార్చిలో సుప్రీంకోర్టు, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ అనే ఎంపీ మీద ఒక కవిత గురించి గుజరాత్‌లో పెట్టిన కేసు కొట్టేస్తూ, ఎక్కువమందికి నచ్చకపోయినా చెప్పేవాడి హక్కుని కాపాడాల్సిందేనని చెప్పింది. ఆ అమ్మాయి మీద కేసేమీ లేదు. కేసుంటే కోర్టుకైనా వెళ్లేది. రద్దయిన ప్రోగ్రాములకి, ఆపేసిన మైకుకి ఏ కోర్టుకి వెళ్తుంది?

పది రోజుల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు టిన్ను నీళ్లు తెచ్చారు. వద్దండీ, నుయ్యి నీళ్లివ్వండన్నాను. రెండో గుక్క దిగలేదు. "తప్పైపోయిందమ్మా" అన్నాను. అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. "నువ్వు తల దించుకున్నావు బాబాయ్, అందుకు బాధేసింది" అంది.

ఆ కమిటీ వాళ్లే మళ్లీ వచ్చే తీర్థానికి రేటు అడిగారు. రేటు పాతదే, కానీ ఒక సాయంత్రం ఆ అమ్మాయికి ఇవ్వాలి, పాడుతున్నంతసేపు నా టేబులు దగ్గరికి ఎవరూ రాకూడదు అని చెప్పాను. కాదంటే వేరే సెట్టు చూసుకోమన్నాను. అమ్మాయినీ అడిగాను. "వస్తాను బాబాయ్, మొదటి పాట అదే" అంది. ఆ మాట కూడా కమిటీకి చేరవేశాను. ఇంకా ఫోను రాలేదు.

— ఒక మైకు సెట్టు యజమాని,
రాజోలు, కోనసీమ