ఉగ్రదాడి వార్తలపై కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం. 2008 ముంబయి దాడులప్పుడు టీవీల్లో కమాండోల కదలికలు లైవ్‌గా వస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అవి చూస్తూ ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఛానళ్లను గట్టిగా తప్పుపట్టింది. లైవ్ ఆపరేషన్లు చూపించకూడదని 2015లో నిబంధన కూడా వచ్చింది, మంచిదే.

మరి అనుమానితుల సంగతేంటండీ? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకెళ్లిన ఎందరో కుర్రాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు, కానీ టీవీలో ఒకసారి ఉగ్రవాది అని ముద్ర పడ్డాక ఉద్యోగానికెళ్లినా, అద్దె ఇంటికెళ్లినా, ఇంట్లో ఆడపిల్లకు సంబంధం చూసినా అదే అడ్డమొస్తుంది.

ఛార్జిషీటుకు ముందు ముఖాలు చూపించొద్దని, అరెస్టు వార్త ఎంతసేపు వేస్తే నిర్దోషి అన్న వార్తా అంతసేపు వేయాలని నిబంధనల్లో చేర్చండి. మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వండి.