అది ఈల వేసే సీనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ఆ బాంబు పేలుళ్ల సినిమాకు మూడున్నర స్టార్లు ఇచ్చి, 'దర్యాప్తును కళ్లకు కట్టారు' అని రాశారు. మీ మాట నమ్మి మా అన్న కొడుకును వెంటబెట్టుకుని పోయాను. నాదే బుద్ధి తక్కువ. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలిన రోజు, 2013 ఫిబ్రవరి 21న, వాడు అక్కడే కోచింగ్‌లో ఉన్నాడు. తెర మీద ఎవడో సైకిల్‌కి స్టాండ్ వేస్తుండగానే లేచి బయటికి వెళ్లిపోయాడు. వెళ్లి చూస్తే పార్కింగ్ టోకెన్ చేతిలో నలుపుతూ బండి దగ్గర నిలబడ్డాడు. లోపల బాంబు పేలింది. ఈలలు మా దాకా వినిపించాయి.

పోస్టర్ మీద 'వాస్తవ సంఘటనల ఆధారంగా' అంటారు, సినిమా మొదట్లో 'అంతా కల్పితం' అంటారు. రెండూ వాళ్లే! హీరో ఒకడి చెంప పగలగొట్టగానే ముఠా అడ్రసు బయటపడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 157 మంది సాక్షులు బోనెక్కారు. ఐదుగురికి ఉరిశిక్ష పడింది 2016 డిసెంబర్‌లో, హైకోర్టు దాన్ని ఖరారు చేసింది 2025 ఏప్రిల్‌లో. ప్రధాన నిందితుడు దొరకనే లేదు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత ముందుగా పట్టుకుపోయిన కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత పట్టుకున్నవాళ్లనూ 2018లో కోర్టు వదిలేసింది. చెంపదెబ్బ దర్యాప్తుకు చప్పట్లు కొట్టేవాళ్లు ఇది కూడా చదవాలి.

మన ఉమ్మడి నల్లగొండ సంగతైతే ఎవరికీ గుర్తే లేదు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండ్‌లో తనిఖీలు చేస్తూ ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు ఉగ్రవాదుల తూటాలకు బలయ్యారు. 4న జానకీపురం ఎదురుకాల్పుల్లో ఇంకో కానిస్టేబుల్ పోయాడు. ఎస్‌ఐ సిద్ధయ్య ఆస్పత్రిలో మూడు రోజులు కొట్టుకులాడి కన్నుమూశారు. వాళ్లకు స్లో మోషన్ లేదు, డైలాగు లేదు. బ్యాగు చూపించమని అడిగే డ్యూటీలో ఉన్నారు, అంతే.

ఆ తనిఖీలు మాత్రం ఇప్పుడేవి? మొన్న ఒక బస్టాండ్‌లో బెంచీ కింద దిక్కులేని గోనెసంచి కనిపిస్తే కంట్రోలర్‌కు చెప్పాను. తల కూడా ఎత్తలేదు. అరగంటకు ఒకామె వచ్చి సంచి భుజానికెత్తుకుంది. సీతాఫలాలు. అప్పుడు తలెత్తి అన్నాడు మహానుభావుడు: "సార్ సినిమాలు బాగా చూస్తరా?"

– ఒక రిటైర్డ్ టీచర్, సూర్యాపేట