పుచ్చిన పంటికి కాల్షియం బిళ్ల మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

పన్ను పుచ్చిందనగానే ఒంట్లో కాల్షియం తగ్గిందనుకుని బిళ్లలు మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అవి మింగుతూ నెలలు గడిపేస్తారు, ఈలోగా పుచ్చు నరం దాకా దిగుతుంది. పళ్లకూ ఖనిజాలకూ సంబంధం గట్టిదే. అది ఏ వయసులో, ఏ దారిన పనిచేస్తుందన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది.

పంటి పైపొర ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసి గట్టిపడిన స్ఫటికాలవి. ఆ పొరను కట్టే కణాలు పన్ను చిగురు చీల్చుకుని వచ్చేసరికి నశించిపోతాయి. అందులో రక్తనాళాలూ ఉండవు. అందుకే పెద్దవాళ్లు మింగిన కాల్షియం ఎముకకు చేరుతుంది గానీ ఎనామెల్‌ను పూడ్చదు. కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుందన్నదీ నిజం కాదు. రక్తంలో లోటు పడితే శరీరం తీసుకునేది ఎముకల్లోంచి. పళ్లను పట్టి ఉంచే దవడ ఎముక కోసమైనా పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, అది ఒంటబట్టడానికి డి విటమిన్ కావాలి. పావు లీటరు పాలలో దాదాపు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. డాక్టరు బిళ్లలు రాస్తే ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా, ఐరన్ బిళ్లకు రెండు గంటల ఎడంతో వేసుకోవాలి.

తిన్నది నేరుగా పంటిలోకి చేరేది పసితనంలోనే. పాలపళ్లు తల్లి కడుపులో నాలుగో నెలకే గట్టిపడడం మొదలవుతుంది. ఆరేళ్లకు బయటపడే మొదటి శాశ్వత దవడపన్ను పైభాగం పుట్టినప్పటి నుంచి మూడేళ్లలోపే తయారైపోతుంది. అప్పుడు పడిన లోటు తర్వాత తీరదు. ఎక్కువైనా చేటే: తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు రాబోయే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడవచ్చు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, చిక్కబడుతుంది.

పెద్దయ్యాక పంటికి ఖనిజం అందించేది లాలాజలం. తీపి తిన్న కొన్ని నిమిషాల్లోనే పాచిలోని బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నోరు తేరుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఆ తర్వాతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు తిరిగి పంటిలో చేరతాయి. తీపి పానీయాన్ని గంటల తరబడి గుక్కగుక్కగా తాగేవాళ్ల పళ్లకు ఆ వ్యవధే దొరకదు. ఎంత తీపి అన్నదానికంటే రోజుకు ఎన్నిసార్లు అన్నదే ముఖ్యమనేది అందుకే. ఫాస్ఫేటులో ఉండే ఫాస్ఫరస్ కోలాలోనూ ఉంది కదా, పంటికి మంచిదే అనుకోవద్దు. అది ఉన్నది ఆమ్లం రూపంలో, పంటిని కరిగించేదే అది.

ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం పీహెచ్ 4.5 దాకా తట్టుకుంటుంది. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. తోముకున్నాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలి, వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

పుచ్చు మొదట్లో నల్లగా ఉండదు. చిగురు అంచున సుద్దముక్క గీసినట్టు, మెరుపు లేని తెల్లమచ్చగా కనిపిస్తుంది. పన్ను తడిగా ఉంటే కంటికి ఆనదు. మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులో చూడాలి. ఈ దశలో ఫ్లోరైడ్, లాలాజలం కలిసి దాన్ని తిరిగి గట్టిపరచగలవు. గుంత పడ్డాక ఏ ఖనిజమూ దాన్ని పూడ్చలేదు, ఫిల్లింగే దారి. మీ ఆరోగ్య పేజీలో ఆ తెల్లమచ్చ ఫొటో ఒకటి పెద్దదిగా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు