రబ్బరు ముక్క లేక ఆగిపోయే పాలు: తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లిద్దరికీ నమస్కారాలు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు ప్రణాళిక ఉండాలి. దాన్ని ఏటేటా సరిచూసి దిద్దాలి. ఆ పని చేసే జిల్లా సంస్థకు అధ్యక్షులు మీరే. వరద, తుపాను, కరువు, వడగాడ్పు మన రెండు జిల్లాలకూ పాత చుట్టాలు, వాటికి ఏం చేయాలో మీ కార్యాలయాలకు తెలుసు. మేం అడుగుతున్నది ఇంకొక్క అధ్యాయం: బయటి నుంచి వచ్చే సరుకంతా ఒకేసారి నిలిచిపోతే, జిల్లాలో ఏది ఎన్నో రోజున ఆగుతుంది?

ఈ ప్రశ్నను గట్టిగా వేసుకున్న దేశం న్యూజిలాండ్. 1985లో ఆక్లండ్ రేవులో ఫ్రెంచి గూఢచారులు, అణుపరీక్షల్ని వ్యతిరేకించే గ్రీన్‌పీస్ సంస్థ ఓడ రెయిన్‌బో వారియర్‌ను ముంచేశారు. ఫ్రాన్స్ కట్టిన పరిహారంలో కొంత సొమ్ముతో అక్కడి ప్రణాళికా మండలి ఒక అధ్యయనం చేయించి 1987లో బయటపెట్టింది. ఉత్తరార్ధగోళంలో అణుయుద్ధం జరిగి, తమ మీద ఒక్క బాంబు కూడా పడకపోతే తమ గతేమిటన్నది దాని విషయం. వాళ్లకు తేలిందేమంటే, రేడియేషన్ కంటే పెద్ద దెబ్బ వ్యాపారం తెగిపోవడమే. ఉత్తరాది గాలి దక్షిణాదికి అంత సులువుగా కలవదు కాబట్టి విషధూళి చాలావరకు అటే ఉండిపోతుంది. ఓడలు మాత్రం రావు.

మసి లెక్కలు కూడా ఉన్నాయి. నగరాలు తగలబడితే లేచే మసి వానమబ్బులు దాటి స్ట్రాటోస్ఫియర్‌కు చేరుతుంది. అక్కడ దాన్ని కడిగే వాన ఉండదు, అందుకే ఏళ్ల తరబడి నిలిచి ఎండను అడ్డుకుంటుంది. 2022లో వచ్చిన లెక్క ప్రకారం భారత్, పాకిస్తాన్ మధ్య అణుయుద్ధం జరిగితే ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా, అమెరికా, రష్యా యుద్ధంలో 15 కోట్ల టన్నుల మసి లేస్తే 500 కోట్ల మందికి పైగా చనిపోవచ్చు. వారిలో ఎక్కువమందిని చంపేది బాంబు కాదు, ఆకలి.

న్యూజిలాండ్ చుట్టూ సముద్రం ఉంది కాబట్టి చలి మరీ విరుచుకుపడదు. అక్కడ పండే ఆహారం దాదాపు 4 కోట్ల మందికి సరిపోతుందని అంచనా. జనాభా 50 లక్షల పైచిలుకు. పాలలో 95 శాతం దాకా ఎగుమతికే పోతుంది. పైపైన చూస్తే ఆ దేశానికి దిగులే అక్కర్లేదు. కానీ ఒక పాలషెడ్డులోకి వెళ్లి చూడండి.

400 ఆవులు, 40 క్లస్టర్లు (ఒక ఆవు పొదుగుకు తగిలించే పితికే గొట్టాల కట్ట), రోజుకు రెండు పూటలు. ఒక్కో క్లస్టర్ పూటకు పది ఆవుల్ని, అంటే రోజుకు ఇరవైసార్లు పితుకుతుంది. చనుకు తొడిగే రబ్బరు లైనర్‌ను 2,500 పితుకుళ్లకు ఒకసారి మార్చాలన్నది పాడి రంగంలో అందరూ పాటించే లెక్క. 125 రోజులకే గడువు తీరిపోతుంది. ఆ తర్వాత రబ్బరులో కంటికి కనపడని పగుళ్లు పడతాయి, వాటిలో పాలు నిలిచి సూక్ష్మజీవులు చేరతాయి. బిగువు సడలి చనుమొన నలిగిపోతుంది. పొదుగువాపు వస్తుంది. దానికి యాంటీబయాటిక్ కావాలి, అదీ దిగుమతే. గడ్డి ఉంది, ఆవు ఉంది, నీళ్లున్నాయి. పాలను ఆపేసింది అరచేతిలో పట్టే రబ్బరు గొట్టం.

చేత్తో పితకవచ్చు కదా అంటారేమో. చేయి తిరిగిన మనిషి పూటకు పది ఆవుల్ని పితకగలడు. అక్కడి పాడి ఆవులు 47 లక్షలు. 4 లక్షల 70 వేల మంది పితికేవాళ్లు కావాలి. దేశ జనాభాలో పదకొండో వంతు! ఇక్కడ మనం వాళ్లకంటే చాలా మెరుగు. పలమనేరు వైపు రెండు మూడు జెర్సీ ఆవులున్న ప్రతి ఇంట్లో పితికే చేతులు ఇంకా ఉన్నాయి. మన బలహీనత తర్వాతి మెట్టు మీద ఉంది, అదే పాలు చల్లబరచడం.

డీజిల్ సంగతి చూద్దాం. న్యూజిలాండ్‌కు మార్స్‌డెన్ పాయింట్‌లో ఉన్న ఒకే ఒక చమురు శుద్ధి కర్మాగారాన్ని 2022లో మూసేసి దిగుమతి టెర్మినల్‌గా మార్చారు. ఇప్పుడు ప్రతి చుక్కా ఓడలోనే రావాలి. 2025 నుంచి కంపెనీలు కనీసం 28 రోజుల పెట్రోలు, 21 రోజుల డీజిల్ నిల్వ ఉంచాలని చట్టం పెట్టారు. 21 రోజులంటే దుక్కి దున్నేలోపే అయిపోతుంది. వాళ్ల కరెంటు చాలావరకు జలవిద్యుత్తే, కానీ జలాశయాల్లో పట్టేది ఏడాది వాడకంలో పదో వంతు మాత్రమే. చలికి మంచు కరగకపోతే అదీ తగ్గుతుంది. పైగా కరెంటుతో నడిచే ట్రాక్టర్లెన్ని?

అందుకే అక్కడి పరిశోధకులు కనోలా (ఆవజాతి నూనెగింజ) నూనెతో బయోడీజిల్ లెక్కలు వేశారు. హెక్టారుకు 3.5 టన్నుల గింజ పండి, అందులో 40 శాతం నూనె దొరికితే సుమారు 1,500 లీటర్లు. గానుగలో ఆడితే పిండిలో కొంత నూనె ఉండిపోతుంది కాబట్టి ఇంకొంచెం తక్కువే వస్తుంది. 100 లీటర్ల నూనెకు 20 లీటర్ల మెథనాల్, 350 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. నూనెను ముందుగా కాచి నీటి తడి పూర్తిగా పోగొట్టాలి. సోడాను మెథనాల్‌లో కరిగించి, 55 నుంచి 60 డిగ్రీల వేడిలో గంటసేపు కలిపి, ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున గ్లిజరిన్ దిగుతుంది. పైది తీసి నీటితో కడిగి ఆరబెట్టాలి. మొదట్లో నూనెలో తడి మిగిలితే మొత్తం సబ్బవుతుంది. మెథనాల్ ఆవిరి విషం, మంట దగ్గర అంటుకుంటుంది, మూసిన గదిలో ఈ పని చేయనే కూడదు. ఇంత చేసినా ఆ ఇంధనం సున్నా డిగ్రీలు దాటి కిందికి పోతే మసకబారి ఫిల్టర్‌ను మూసేస్తుంది, పాత ట్రాక్టర్ల రబ్బరు పైపుల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. మళ్లీ రబ్బరు దగ్గరికే వచ్చాం.

మనం దీవి కాదు. యుద్ధం మన పొరుగునే జరగవచ్చు, కృష్ణపట్నం రేవు, శ్రీహరికోట మనకు ఎంతో దూరంలో లేవు. కాబట్టి న్యూజిలాండ్‌కు ఉన్న దూరమనే రక్ష మనకు లేదు. సరుకు వచ్చే గొలుసు తెగే తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే, రేవుల దిగ్బంధమైనా, పెద్ద అగ్నిపర్వతం పేలినా. 1815లో తంబోరా పేలాక మరుసటి ఏడు యూరప్‌లో వేసవి రాలేదు, మన దగ్గర రుతుపవనం గతి తప్పింది. నేల వేడెక్కకపోతే సముద్రపు గాలి లోపలికి రాదు. వానలు పోతే మన బోర్లలో మిగిలేదేముంది?

అందుకని మా విన్నపాలు ఇవి.

బీఎంసీల (ఊళ్లలో పాలను సేకరించి చల్లబరిచే కేంద్రాలు) లెక్క ముందు తీయించండి. 2,000 లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించడానికి సుమారు 28 యూనిట్ల కరెంటు కావాలి. జనరేటర్ మీద అది 9 లీటర్ల డీజిల్. రెండు పూటలూ ట్యాంకు నిండితే నెలకు 540 లీటర్లు. ఏ కేంద్రంలో ఎంత డీజిల్ నిల్వ ఉందో, కంప్రెసర్ గ్యాసు, బెల్టులు, జనరేటర్ ఫిల్టర్లు ఎన్ని ఉన్నాయో ఒక్క పేజీలో రాసి ఉండాలి. న్యూజిలాండ్‌లో 12 నుంచి 15 డిగ్రీల బోరు నీళ్లను ప్లేట్ కూలర్‌లోకి పంపి సగం పని ముగించేస్తారు. మన బోరు నీళ్లు 27, 28 డిగ్రీలుంటాయి, ఆ యంత్రాన్ని ఇక్కడ కొని పెట్టినా దక్కేది తక్కువ. వాళ్ల పరిష్కారాల్ని ఉన్నవున్నట్టు తెచ్చుకోవద్దని మేం చెప్పడం ఇందుకే.

ఇంధనం విషయంలో మనకు కానుగ ఉంది, వేరుశనగ ఉంది. కానుగ నూనెలో ఆమ్లం ఎక్కువ, నేరుగా సోడా వేస్తే సబ్బే మిగులుతుంది. ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మెథనాల్‌తో ఒక విడత, ఆ తర్వాతే సోడా. పచ్చి నూనెను ట్రాక్టర్‌లో పోయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఇంజెక్టర్లకు మసి గడ్డకడుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. ఈ పద్ధతిని ఇప్పుడే ఏదైనా పాలిటెక్నిక్‌లో వెయ్యి లీటర్ల మేర చేయించి, ఒక ట్రాక్టర్‌ను ఒక సీజన్ నడిపి చూడాలి. మెథనాల్ ఎక్కడి నుంచి అన్నది ఆ పరీక్షలోనే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

పంటలకు వస్తే, నేల 18 డిగ్రీలకు దిగితే వేరుశనగ సరిగా మొలవదు. రాగి కూడా వెచ్చదనం కోరే పంటే. అయితే రాగులు పురుగు పట్టకుండా ఏళ్లు నిలుస్తాయి. మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున ఏడాదికి 146 కిలోలు. సంగటి తినే ప్రాంతంలో ఈ నిల్వను మించిన బీమా మాకు కనిపించలేదు. చలిలో నెగ్గేది ఆలుగడ్డ, వి.కోట, పలమనేరు రైతులకు అలవాటైన పంటే. ఎకరాకు 6 నుంచి 8 క్వింటాళ్ల విత్తన గడ్డ కావాలి, దాన్ని బయటి రాష్ట్రాల నుంచి తెచ్చుకునే అలవాటు మానాలి. హైబ్రిడ్ టమాటా, క్యాబేజీ విత్తనం తిరిగి వేస్తే అదే పంట రాదు. తిరుపతిలోని వ్యవసాయ పరిశోధన స్థానం ద్వారా రైతు తిరిగి వాడుకోగల సూటి రకాల విత్తనాన్ని కొంచెమైనా నిల్వ చేయించండి.

ఇన్సులిన్ వంటి మందుల్లో న్యూజిలాండ్ పూర్తిగా దిగుమతుల మీదే బతుకుతోంది. మనకు బెంగళూరు దగ్గరే తయారవుతుంది, చిక్కల్లా దారి ఖర్చు, చల్లదనం. 30 డిగ్రీల లోపు నెల రోజులు నిలుస్తుంది కాబట్టి మట్టికుండలో తడిగుడ్డతో ఉంచే పద్ధతిని ఆశా కార్యకర్తలకు ఇప్పుడే నేర్పించవచ్చు.

మరొకటి, ఇది మన చేతికి దగ్గరలోనే ఉన్న సదుపాయం. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థలో లైడార్ ఉంది. పై వాతావరణంలో ధూళి, మసి ఏ ఎత్తులో ఎంత ఉందో లేజర్ కాంతితో కొలుస్తుంది. మసి పైకి చేరిందా లేదా అన్నది విత్తనాలు వేసే ముందే చెప్పగల పరికరం కలెక్టరేటుకు గంట దూరంలో ఉండగా, ఆ సమాచారం వ్యవసాయ శాఖకు చేరే దారి ప్రణాళికలో రాసి ఉండాలి.

మొదలుపెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక బీఎంసీని ఎంచుకుని మూడు రోజులు లైన్ కరెంటు, కొత్త డీజిల్, బయటి మెకానిక్ లేకుండా నడిపించండి. ఏది ముందు ఆగిందో, ఏ గంటకు ఆగిందో ఒక నోటుపుస్తకంలో రాయించండి. రైతు నష్టపోకుండా చల్లబడని పాలను అక్కడికక్కడే కోవా కాచే పెనాలు, కట్టెలు ముందే సిద్ధం చేయించాలి. 100 లీటర్ల ఆవుపాలకు 18 కిలోల దాకా కోవా దిగుతుంది. వేసవిలో కాకుండా, ఈశాన్య వానలు పడే నవంబరులో మొదటి పరీక్ష పెడితే మేలు, తెగిన లైన్లు, తడిసిన దారులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల పాడి, వ్యవసాయ, విద్యుత్ రంగాల ఇంజనీర్లు కొందరు