స్పీడ్ బూస్టర్ వేసే ముందు స్టార్టప్ జాబితా చూడండి

సంపాదకులకు,

కంప్యూటర్ ఆన్ చేసి డెస్క్‌టాప్ కనిపించాక కూడా మౌస్ దగ్గర చక్రం తిరుగుతూనే ఉంటే చాలామంది వెంటనే వేగం పెంచుతామని చెప్పుకునే ఏదో ఒక స్పీడ్ బూస్టర్ ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అలాంటి బూస్టర్లు చాలావరకు విండోస్‌తో పాటే మొదలై ఉన్న భారాన్ని ఇంకా పెంచుతాయి. కావలసిన సాధనం విండోస్ 10, 11లలో ఎప్పటినుంచో ఉంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్ 10లో చిన్న పెట్టెలా తెరుచుకుంటే కింద ‘మోర్ డిటైల్స్’ నొక్కాలి. అందులో స్టార్టప్ విభాగానికి వెళ్తే విండోస్‌తో పాటే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాంల జాబితా ఉంటుంది, ప్రతి ప్రోగ్రాం ఎదురుగా ‘స్టార్టప్ ఇంపాక్ట్’ కనిపిస్తుంది. హై అని ఉంటే ఆ ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకను కన్నా ఎక్కువసేపు వాడుకుందని, లేదా డిస్క్‌తో 3 ఎంబీకి మించి పని చేయించుకుందని అర్థం. ఇలాంటివి అరడజను ఒకేసారి మీద పడితే పాత హార్డ్ డిస్క్ తట్టుకోలేదు. సమాచారాన్ని చదివే దాని హెడ్ ఒక్కో ఫైలు కోసం అటూ ఇటూ కదలాలి కదా! కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఉన్నవారికి ఈ తేడా అంతగా తెలియదు.

చాటింగ్, మీటింగ్, పాటల యాప్‌లు, గేమ్ లాంచర్లు నిస్సంకోచంగా ఆపేయవచ్చు. పేరు మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ నొక్కితే చాలు. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, అవసరమైనప్పుడు ఐకాన్ నొక్కి తెరుచుకోవచ్చు. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, ఆడియోకు సంబంధించినవి మాత్రం ముట్టుకోవద్దు. ఫైళ్లను ఇంటర్నెట్‌లో (క్లౌడ్‌లో) దాచే వన్‌డ్రైవ్ విషయంలో ఆలోచించి చేయండి. దాన్ని ఆపితే మళ్లీ మీరు తెరిచేదాకా ఫైళ్లు క్లౌడ్‌లోకి వెళ్లవు. బ్యాకప్ అవుతోందనే ధీమాతో ఉండి, తీరా డిస్క్ పోయాక బాధపడాల్సి వస్తుంది.

ఏమిటో తెలియని పేరు కనిపిస్తే పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి ‘కమాండ్ లైన్’ ఎంచుకోండి. ఫైలు ఎక్కడుందో తెలుస్తుంది. పబ్లిషర్ (తయారీ సంస్థ) గడి ఖాళీగా ఉండి, ఫైలు తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లో ఉంటే అనుమానించాల్సిందే. డిసేబుల్‌తో సరిపెట్టకుండా పూర్తి స్కాన్ చేయండి.

ఆపిన ప్రోగ్రాం మళ్లీ మొదలవుతోందంటే, సాధారణంగా దాని సొంత సెట్టింగ్స్‌లో ఆటో స్టార్ట్ ఆన్‌లో ఉండి ఉంటుంది. అక్కడా తీసేయాలి. ఫలితం చూడాలంటే షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ కెర్నెల్ (దాని మూల భాగం) స్థితి డిస్క్‌లో దాగి ఉంటుంది. రీస్టార్ట్‌లోనే అంతా మొదటినుంచి లోడ్ అవుతుంది.

కొందరు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల సాధనం తెరిచి, తెర వెనుక నడిచే ప్రోగ్రాంలైన సర్వీసులన్నింటినీ ఒకేసారి ఆపేయమని సలహా ఇస్తుంటారు. అది ప్రమాదం, నెట్‌వర్క్, సౌండ్ కూడా ఆగిపోవచ్చు. అక్కడ చేయి పెట్టక తప్పకపోతే ముందు మైక్రోసాఫ్ట్ సొంత సర్వీసులను జాబితాలో కనిపించకుండా దాచే ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ దగ్గర టిక్ పెట్టండి.

ఇవన్నీ చేసినా బ్రౌజర్ తెరవగానే మెషీన్ మొరాయిస్తుంటే టాస్క్ మేనేజర్‌లోనే పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి మెమరీ చూడండి. అది 90 శాతం దాటి ఉంటే కావలసింది అదనపు ర్యామ్.

మీ టెక్నాలజీ పేజీలో బూస్టర్ల పరిచయాలకు బదులు ఈ పద్ధతిని స్క్రీన్ చిత్రాలతో ప్రచురించాలని కోరుతున్నాను.

- ఒక కంప్యూటర్ టెక్నీషియన్