సెంటర్ తప్పిన సాన మిషన్, పాడైన మూడు జతల హాకీ స్కేట్లు

విజయనగరం,
19 జనవరి 2026.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ దగ్గర కొన్న ఐస్ హాకీ స్కేట్లు, వాటికి ఇంట్లో సాన పట్టే మిషన్ గురించి. జనవరి 8న మీరు పంపిన జవాబును వెనక్కి తీసుకోవాలని కోరుతూ.

అయ్యా,

నేను జూట్ మిల్లు వర్క్‌షాపులో 31 ఏళ్ళు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. మీ కస్టమర్ కేర్ వాళ్ళు "మిషన్‌లో లోపం లేదు, వాడినవారి పొరపాటు వల్లే బ్లేడ్లు పాడయ్యాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మిషన్‌ని చూడలేదు. బ్లేడ్లు చూడలేదు. నేను పంపిన ఆరు ఫొటోల్లో ఒక్కదాని గురించి కూడా ఏమీ అడగలేదు. ఆ జవాబు చదివిన రోజు మా మనవరాలు "నాకే సరిగ్గా రావట్లేదేమో తాతా" అంది. పదమూడేళ్ళ పిల్ల. ఆ మాట విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవరాలు, ఇంకో ఇద్దరు పిల్లలు నాలుగేళ్ళుగా ప్రతి శని, ఆదివారాలు ఆర్టీసీ బస్సులో విశాఖ వెళ్ళి చక్రాల స్కేట్ల మీద హాకీ నేర్చుకుంటున్నారు. చక్రాలకు సానతో పని లేదు. అరిగితే మారుస్తాం, బేరింగులు తుడిచి నూనె చుక్క వేస్తాం, అంతే. డిసెంబరులో డెహ్రాడూన్ ఐస్ రింకులో, అంటే ఐస్ పరిచిన ఆటస్థలంలో, ఒక శిక్షణ శిబిరానికి ముగ్గురికీ అవకాశం వచ్చింది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన రింకు అది. మా వైపు పిల్లలు ఐస్ చూసింది చేపల పెట్టెల్లోనే. అలాంటిది, ఐస్ మీద హాకీ ఆడటానికి పిలుపు వచ్చిందంటే మూడు ఇళ్ళలోనూ పండగే. సిరిమానోత్సవం అయిన వారంలోనే మీ వెబ్‌సైటులో మనవరాలికి స్కేట్లు ఆర్డర్ పెట్టాం. మిగతా ఇద్దరూ వేరే చోట కొనుక్కున్నారు.

మొదటి ఇబ్బంది సైజుతో వచ్చింది. రోజూ వేసుకునే బూటు సైజే ఎంచుకోమని మీ పట్టికలో ఉంది. హాకీ స్కేటు మామూలుగా అమెరికా బూటు సైజు కన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉండాలి. మడమ లోపల కదలకూడదు. పట్టికను నమ్మి తెప్పించిన జత వదులైంది. మీరు మార్చి ఇచ్చారు, పన్నెండు రోజులు పట్టింది. దాని మీద నాకు గొడవ లేదు. పట్టిక మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. ఇంకో పిల్ల తల్లిదండ్రులు ఇదే తప్పు చేయకుండా దాన్ని సరిచేయండి.

రెండోది, "పెట్టె తీసి నేరుగా ఐస్ మీదికి" అన్న మీ ప్రకటన. పెట్టె తీసి బ్లేడు అడుగున గోరు పెట్టి చూశాను. నున్నగా, బల్లపరుపుగా ఉంది. హాకీ స్కేట్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి సాన లేకుండానే వస్తాయని, మొదటి సాన కొన్నవాళ్ళే పట్టించుకోవాలని తరవాత తెలిసింది. అది ఆ వ్యాపారంలో మామూలే అయితే, ఆ మాటే రాయాలి గదా. పిల్ల అలాగే ఐస్ మీద కాలు పెట్టి ఉంటే మొదటి అడుగులోనే పడేది.

మా ఇరుగుపొరుగువాళ్ళు, "గంటస్తంభం దగ్గర కత్తులకు సాన పట్టే అతనికి ఇవ్వకూడదా" అన్నారు. అతను మంచి పనివాడే. కానీ హాకీ బ్లేడు కత్తి కాదు. కత్తికి ఒకటే అంచు. ఈ బ్లేడు సుమారు 3 మిల్లీమీటర్ల మందం, దాని అడుగున పొడుగునా సన్నని గాడి పడాలి. గాడికి అటూ ఇటూ రెండు అంచులు నిలుస్తాయి, ఒకటి లోపలి వైపు, ఒకటి బయటి వైపు. ఆడేవాళ్ళు ఐస్‌ని పట్టుకునేది ఆ అంచులతోనే. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. మా జిల్లాలో ఆ పని చేసేవాళ్ళు లేరు. అందుకే మూడు ఇళ్ళవాళ్ళం కలిసి మీ మిషన్ 36,500 రూపాయలు పెట్టి కొన్నాం. ఒక పాప తండ్రి ఆటో నడుపుతాడు. ఇంకో పాప తల్లి టిఫిన్ సెంటరు పెట్టుకుంది. వాళ్ళు డబ్బిచ్చింది మీ ప్రకటన చూసి కాదు, నా చేతి పని మీద నమ్మకంతో. ఈ సంగతి మీరు తెలుసుకోవాలి.

మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే చేశాను. ఒక్కో బ్లేడుకు నాలుగు సార్లు వీల్, అంటే సాన చక్రం, నడిపాను. గట్టిగా అదమలేదు, మధ్యలో ఆపలేదు. అంచున నిలిచిన బర్, అంటే రాపిడికి లేచిన సన్నని ఉక్కు పొర, తీసెయ్యడానికి మీ పెట్టెలో రాయి లేదు, నా దగ్గరున్న ఆయిల్ స్టోన్‌తో తీశాను. ఇక్కడ ఐస్ లేదు కాబట్టి ఆడి చూసే వీలు లేదు. కంటికి గాడి చక్కగా కనిపించింది. ముగ్గురి స్కేట్లూ ఒకే రోజు పూర్తిచేసి, గుడ్డలో చుట్టి, సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను.

మొదటి రోజే ఫోన్ వచ్చింది. మా మనవరాలు ఎడమ వైపు తిరిగినప్పుడల్లా జారిపోతోంది. కుడి వైపు తిరిగితే నిలబడుతోంది. మిగతా ఇద్దరిదీ అదే కథ. ముగ్గురూ ఎడమకే పడుతున్నారు. రెండో రోజు గట్టిగా పడి మా పిల్ల మణికట్టు వాచింది. రెండు రోజులు బయట కూర్చుంది, ఆ రెండు రోజుల్లోనే జట్లు కట్టేశారు. అక్కడి కోచ్ స్కేటు తిరగేసి, ఐదు రూపాయల బిళ్ళను రెండు అంచుల మీద అడ్డంగా ఆనించి చూపించాడట. బిళ్ళ ఒక పక్కకి వాలి ఉంది. ముగ్గురి స్కేట్లూ అక్కడ మళ్ళీ చదును చేయించి, కొత్తగా గాడి పట్టించారు. దాంతో ఒక్కో బ్లేడుకు సుమారు 0.3 మిల్లీమీటర్ల ఉక్కు అదనంగా పోయింది. బ్లేడుకు ఉన్న ఉక్కు ఎత్తే దాని ఆయుష్షు.

పిల్లలు ఇల్లు చేరాక మిషన్‌ని నా బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు పరీక్షించాను. ఇక్కడి నుంచి దయచేసి మీ సాంకేతిక విభాగం వాళ్ళతో చదివించండి.

3 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీల్ పట్టీ తీసుకుని, దాని అంచు మట్టం చేసి, మార్కర్ పెన్నుతో నల్లగా పూశాను. మీ బిగింపులో పెట్టి వీల్‌ని ఒక్కసారి తేలిగ్గా ఆనించి నడిపాను. నలుపు లేచిన గీత పట్టీ నడిమధ్యన పడాలి. పడలేదు. మధ్య నుంచి 0.3 మిల్లీమీటర్లు నడిపేవాళ్ళ వైపు జరిగి పడింది. పట్టీని తీసి, కుడి ఎడమలు మార్చి మళ్ళీ బిగించాను. చేతి తప్పు అయితే గీత ఒక్కోసారి ఒక్కో చోట పడాలి, పట్టీలో వంకర అయితే పట్టీతో పాటు అవతలి పక్కకి వెళ్ళాలి. వెళ్ళలేదు, మళ్ళీ నడిపేవాళ్ళ వైపే పడింది. పదిసార్లు చేశాను, పదిసార్లూ అంతే. తప్పు మిషన్‌ని పట్టుకుని ఉంది.

0.3 మిల్లీమీటర్లే కదా అంటారేమో. మీ వీల్ అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గాడి పెడుతుంది. 3 మిల్లీమీటర్ల బ్లేడు మీద ఆ గాడి లోతు మొత్తం కలిపి 0.09 మిల్లీమీటర్లు. వీల్ 0.3 పక్కకి జరిగితే ఒక అంచు ఇంకో అంచు కన్నా 0.07 మిల్లీమీటర్లు దిగిపోతుంది. గాడి లోతు ఎంతో, అంచుల తేడా దాదాపు అంత. ఒక వెంట్రుక మందమే, కానీ ఆ పిల్లలు నిలబడేది ఆ వెంట్రుక మందం మీదనే.

ఎడమ వైపే ఎందుకు జారారన్నది కూడా దీంతో తెలుస్తుంది. మీ పుస్తకం చెప్పినట్టు రెండు స్కేట్లనూ ముందు భాగం నా ఎడమ చేతి వైపు ఉండేలా బిగించాను. అప్పుడు నా వైపు ఉండేది ప్రతి స్కేటుకూ ఎడమ పక్క. అంటే ఎడమ కాలికి బయటి అంచు, కుడి కాలికి లోపలి అంచు దిగిపోయాయి. ఎడమకు తిరిగేటప్పుడు ఆ రెండు అంచుల మీదే కదా బరువంతా పడేది! మూడు రకాల స్కేట్లు, ముగ్గురు పిల్లలు, ఒకటే పక్క. ఇది పిల్లలకు ఆట రాకపోవడం కాదు.

ఇంకొకటి. వీల్‌ని సెంటరుకు తెచ్చే స్క్రూ మీ మిషన్‌లో ఉంది. దాని మీద ఎర్ర లక్క వేసి, "ఫ్యాక్టరీలో సరిచేసి పంపినది, విప్పితే వారంటీ చెల్లదు" అని స్టిక్కర్ అంటించారు. పది నిమిషాల్లో నేనే సరిచేసుకోగలిగిన పని అది. వారంటీ పోతుందని స్క్రూ ముట్టుకోలేదు. లక్క పగలలేదు, కొత్త ఫొటో జత చేశాను. సెంటరు సరిచూసి పంపామని మీరే సీలు వేసి, సెంటరు తప్పితే వాడినవారిది అనడం ఎలా కుదురుతుంది?

"వీల్ అరిగిపోయే వస్తువు, దానికి వారంటీ వర్తించదు" అని కూడా రాశారు. వీల్ అరిగిందని నేను ఎక్కడా అనలేదు. వీల్ కూర్చున్న చోటు తప్పు అన్నాను. పది రోజుల వాపసు గడువు దాటిందన్నారు. విజయనగరంలో ఐస్ లేదు. డెహ్రాడూన్ చేరేదాకా ఈ తప్పు బయటపడే దారే లేదు. సరిచూసుకోవడానికి ఒక చిన్న పట్టీ, ఇలా చూడండి అని నాలుగు వాక్యాలు మీరు పెట్టెలో పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఇప్పుడు నేను కోరేది చెబుతాను. అన్నిటికన్నా ముందు, "వాడినవారి పొరపాటు" అన్న మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. డబ్బు కన్నా నాకు అదే ముఖ్యం. ఆ కాగితం ముగ్గురు పిల్లలకూ చూపించాలి. మిషన్ వెనక్కి తీసుకుని 36,500 రూపాయలు ఇవ్వండి, లేదా సెంటరు సరిగ్గా ఉన్న ఇంకో మిషన్‌ని నా ఎదుట కొలిచి ఇవ్వండి. మూడు జతల స్కేట్లకు కొత్త బ్లేడ్లు ఇవ్వండి. స్కేట్లు మీవి ఒక జతే అయినా, మూడు జతలనూ పాడుచేసింది మీ మిషనే. పిల్ల మణికట్టుకు, పోయిన శిబిరానికి నేను డబ్బు అడగడం లేదు. వెబ్‌సైటులో సైజు పట్టిక సరిచేయండి, "నేరుగా ఐస్ మీదికి" అన్న మాట తీసేసి, సాన పట్టించాకే వాడాలని రాయండి.

నా మొదటి ఫిర్యాదు డిసెంబరు 22న మీకు అందింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన నెలలోపు పరిష్కరించాలి. ఆ లెక్కన ఇంకా మూడు రోజులే మిగిలాయి. ఈ ఉత్తరం మీకు చేరే సమయం కలుపుకుని జనవరి 31 దాకా ఆగుతాను. ఆ తరవాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో నమోదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్ళోనే కేసు వేయవచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు. బెదిరించడానికి రాయడం లేదు. చేయబోయేది ముందే చెబుతున్నాను, అంతే.

మనిషిని పంపదలచుకుంటే తప్పకుండా పంపండి. కొలవడానికి డయల్ గేజ్, వెర్నియర్ తీసుకురమ్మనండి, లేకపోతే నావి ఉన్నాయి. నేను గీత పెట్టిన పది స్టీల్ పట్టీలూ నంబర్లు వేసి దాచాను, అతని ముందే ఇంకో పది కూడా చేసి చూపిస్తాను. సాయంత్రం నాలుగు తరవాత వస్తే మా మనవరాలు కూడా బడి నుంచి వచ్చేసి ఉంటుంది. ఆ కొలతలు ఆమె కూడా పక్కన ఉండి చూడాలి. బిల్లు నకలు, ఫొటోలు, నా ఫోన్ నంబరు దీనికి జత చేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విజయనగరం.