గుండ్లకమ్మ నీళ్ళు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి

బుజ్జీ,

నువ్వు బెంగళూరు బస్సెక్కి పది రోజులైంది. ఫోన్ చేసి మాట్లాడదామంటే నీకు మీటింగులు, నాకు పక్కనే అమ్మమ్మ. ఆమె ముందు ఈ సంగతులు ఎత్తితే రాత్రి కుటుంబ ప్రార్థన గంటసేపు సాగుతుంది, నాన్న అన్నం చల్లారిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఇంత పొడుగు మెసేజా అని విసుక్కోకుండా ఉత్తరం అనుకుని తీరిగ్గా చదువు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. సంక్రాంతి సెలవులు కదా, ఊరికే అలా తిరిగొద్దాం అని నేను చెప్పింది అబద్ధం. మెదక్, గుణదల, ఒంగోలు అని వరసపెట్టి చెప్పినప్పుడే నీకు అర్థమై ఉంటుంది, పైకి అనలేదు అంతే. నువ్వు చర్చి మానేసి రెండేళ్ళు. "నాకు నమ్మకం లేదమ్మా, ఉన్నట్టు నటించలేను" అన్నావు. నాన్న ఊరుకున్నారు, నావల్ల కాలేదు. ఆ గోపురాలు, ఆ కొండలు చూపిస్తే కరుగుతావనుకున్నాను. నేను పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కదా, ఎక్స్‌కర్షన్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

మెదక్ చర్చిలో నువ్వు నిజంగానే నోరు తెరుచుకుని చూశావు, చూడలేదని అనకు. తమ్ముడు ఫోన్ చూసి వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గోపురం 175 అని చదువుతుంటే నువ్వు బలిపీఠం వెనక రంగుటద్దాల్లో ప్రభువు ఆరోహణం బొమ్మ దగ్గరే నిలబడిపోయావు. వెనక ఎండ ఉంటేనే ఆ రంగులు, పొద్దుగూకితే వట్టి నల్లద్దాలేనని నువ్వే తమ్ముడికి చెప్పావు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలో నోరు జారి, మిషనరీ పాస్నెట్ దొర 1914లో దీన్ని మొదలుపెట్టింది కరువు రోజుల్లో, జనానికి ఊరికే పెట్టకుండా పని చూపించి కూడు పెట్టాడు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు అని చెప్పుకుంటూ పోయాను. నువ్వు అద్దం మీంచి చూపు తిప్పకుండానే అన్నావు: "అంటే ఇక్కడా అన్నం కోసమేగా అమ్మా."

నువ్వు వెటకారంగా అనలేదని తెలుసు. కానీ ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ, టిఫిన్ డబ్బా మూత తీస్తూ, నవ్వుతూనే, "మీవాళ్ళు కరువులో బియ్యానికి క్రైస్తవంలో కలిసినవాళ్ళే కదండీ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు నాకు ముప్పై ఏళ్ళుగా సిగ్గు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం పాటలు గట్టిగా పాడతానని నన్ను ఏడిపిస్తారే మీరిద్దరూ, అందులో సగం భక్తి, సగం ఆవిడకు జవాబు.

గుణదల సంగతి పెద్దగా రాయను. మనం బాప్టిస్టులం, అక్కడికి తీసుకెళ్ళింది నాన్న కోరిక. వాళ్ళమ్మ ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్, ఆయన చిన్నప్పుడు ఫిబ్రవరి తిరునాళ్ళకు ఆమె చెయ్యి పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కారట. కొబ్బరికాయలు, తలనీలాలు, మరియమాత ముందు కొవ్వొత్తులు, నాకు లోపల ఇబ్బందిగానే ఉంది, ఉంటుంది కూడా. కారు దిగనంటే దిగనని కూర్చున్న అమ్మమ్మ ఏం చేసిందో చూశావా? ఎనభై ఏళ్ళ బాప్టిస్టు ప్రాణం, పది రూపాయల కొవ్వొత్తి కొని వెలిగించి, "అందరూ ముట్టిస్తుంటే మనం ఊరికే ఎట్టా వస్తాం" అంది. మన పాస్టరుగారికి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

ఒంగోలులో లాడ్జి. వేడినీళ్ళు రావు, దోమలు, నాన్నకు టెన్షన్. అయినా ఈ మొత్తం ప్రయాణంలో నాకు మిగిలింది ఆ రాత్రే. పగలు ప్రార్థన కొండ ఎక్కాం కదా. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం ఐదుగురు ఆ కొండ మీద కూర్చుని ఒంగోలు కోసం ప్రార్థన చేశారని, ఆ ఏళ్ళలో అమెరికాలో పెద్దలు ఈ తెలుగు మిషను దండగ, మూసేద్దామా అని తర్జనభర్జన పడుతున్నారని నేను చెబితే నువ్వు "ఊఁ" అన్నావు. రాత్రి అందరూ నిద్రపోయాక నన్ను తట్టి లేపి, "అమ్మా, ఇది నీకు తెలుసా" అన్నావు. దుప్పటి కింద ఫోన్ వెలుగులో ఏదో పాత ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నావు.

నీకు నమ్మకం లేదు. నాకున్న నమ్మకంలో నాకే తెలియని ముక్క నువ్వు తీసి చూపించావు. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఇక్కడికి రాకముందు అమెరికాలో సర్వే పనిచేసినవాడు, అందుకని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. అంతవరకు నేను విన్నదే. నేను విననిది ఏమిటంటే, పని, డబ్బు, తిండి తన చేతిలో ఉన్నన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వనన్నాడు. అడిగినా ఇవ్వలేదు. సాయం పంచడం ఆపేశాక, ఇక నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు, మీ ఊళ్ళకు మీరు పోండి అన్నా జనం పోలేదు. అప్పుడు 1878 జూలైలో, ఒంగోలులో రోగాల భయం ఉందని, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటి ఒడ్డున చేరమన్నాడు. జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆయన తన చేత్తో ఒక్కరిని కూడా ముంచలేదు. తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు.

నువ్వు చదువుతున్నావు, నేను ఏడుస్తున్నాను, నీకు కనపడలేదు, మంచిదైంది.

తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. స్టాఫ్ రూమ్ ఆవిడకు చెప్పాల్సిన జవాబు దొరికిందనిపించింది. తర్వాత ఇంకో మాట తోచింది. ఆ వేలమందిలో, ఆకలప్పుడు అన్నం పెట్టిన చెయ్యి గుర్తుండి వచ్చినవాళ్ళు ఎంతమందో! ఉంటే తప్పేముంది? ఊరవతల గూడెంలో మాదిగవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకున్న మనుషుల దేవుడు మంచివాడై ఉంటాడనుకోవడానికి పెద్ద పాండిత్యం కావాలా? పైగా లాభానికే కలిసుంటే ఆ లాభం మన ఇంట్లో ఎక్కడుందో నాకైతే కనపడలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడని రాయించుకుంటే ఎస్సీ కాదు. మా నాన్న ఉన్నదున్నట్టు రాయించారు, నాకు ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్ళకిచ్చే బీసీ-సీ వచ్చింది, ఆ ఒక్క శాతం కోటాలో ఎదురుచూస్తూ నా వయసు రెండేళ్ళు కరిగిపోయింది. కాగితం మీద హిందువని రాయించుకుని, ఇంట్లో బైబిలు పెట్టుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. ఆకలి వాళ్ళది.

ఇక వెల్లంపల్లి. నిజం చెబుతున్నా, నేను పెద్ద ఏరును ఊహించుకుని వెళ్ళాను. ఇసుక మేటలు, తుమ్మచెట్లు, గేదెలు, మధ్యలో సన్నగా నీళ్ళు. నువ్వు పక్కకు వచ్చి మెల్లిగా, "అమ్మా, మన తాతలు ఆ 2,222 మందిలో ఉన్నారని నీకెట్లా తెలుసు?" అన్నావు. నేను కసురుకున్నాను. అది తప్పు, నన్ను క్షమించు. నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మమ్మ "మనవాళ్ళు ఆ కాలంలోనే ఏట్లో మునిగారే" అనేది, అంతే. రిజిస్టరులో పేరు లేదు, ఏ తేదీ లేదు. స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఎప్పుడో ఆ అంకె కలిపాను, వినడానికి బాగుంది, ఇరవై ఏళ్ళు చెబుతూ పోయాను. పోయిన ఆదివారం సాక్ష్యం చెప్పమంటే లేచి, మావాళ్ళు ఆ రోజు ఉన్నారో లేదో నాకు తెలియదండీ అని చెప్పి కూర్చున్నాను. నాన్న ఆశ్చర్యంగా చూశారు. తేలిగ్గా ఉంది బుజ్జీ. భక్తి పెరిగిందా తగ్గిందా అని అడిగితే చెప్పలేను. పాట గొంతు మాత్రం తగ్గింది, తమ్ముడు ఒంట్లో బాలేదా అని అడిగాడు.

అమ్మమ్మ నీళ్ళలో దిగుతానని పట్టుబట్టడం గుర్తుందా? చెప్పులు నీ చేతికిచ్చింది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది, నీ భుజం మీద చెయ్యేసి నాలుగడుగులు వేసింది. నీళ్ళు చీలమండ దాటలేదు. చుట్టూ చూసి, "ఇందులో ఎట్టా ముంచారే, పడుకోబెట్టి బోర్లించారా" అంది. నువ్వు పగలబడి నవ్వావు, ఆమె కూడా నవ్వింది, ఇద్దరూ కలిసి పడబోయారు. నేను ఒడ్డున ఉండి ఫోటో తీయడం మర్చిపోయాను. తర్వాత ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంటే నువ్వు కదలకుండా, చెప్పులు రెండూ గుండెకు ఆనించుకుని, ఆమె ఆమేన్ అనేదాకా అట్లాగే నిలబడ్డావు. ఎవరూ నిన్ను నిలబడమనలేదు.

నిన్ను చర్చికి రమ్మని ఇక అడగను. ప్రార్థన మాత్రం చేస్తాను, అది మానలేను, నీకు అభ్యంతరం ఉన్నా సరే.

అమ్మమ్మ ఆ రోజు వాటర్ బాటిల్‌లో పట్టుకొచ్చిన ఏటినీళ్ళు ఫ్రిజ్ తలుపులో మజ్జిగ ప్యాకెట్ల పక్కనే ఉన్నాయి. మన్ను అడుగుకు దిగింది. పారబోస్తానంటే ఊరుకోవడం లేదు, నువ్వు వచ్చేదాకా ఉంచమంటోంది, ఎందుకో చెప్పదు. తమ్ముడు పొరపాటున తాగుతాడేమోనని నా భయం, మూతకు ఎర్ర దారం కట్టాను.

మామిడికాయలు రాగానే వచ్చెయ్, ఆవకాయ పెట్టాలి, ముక్కలు కొట్టడానికి నాన్న నడుము ఒప్పుకోదు. మధ్యలో ఆదివారం పడితే నువ్వు పడుకో. మేము చర్చి నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచు.

అమ్మ